పీక్ డిస్ట్రిక్ట్‌లో మూడు రాత్రులు: ఎక్కడ తినాలి, ఏం తాగాలి, ఎలా తిరగాలి

ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లల దగ్గరికి వేసవిలో వచ్చే తెలుగు తల్లిదండ్రులు సాధారణంగా లండన్‌లోని వంతెనలూ రాజభవనాలూ చూసి, ఒకటి రెండు గుళ్ళకు వెళ్ళి, మిగిలిన రోజులు ఇంట్లోనే గడిపి తిరుగు ప్రయాణమవుతారు. పల్లెసీమకు వెళ్ళిన కుటుంబాలు కూడా ఒక్క రోజులో కారు మీద నాలుగైదు ఊళ్ళు చుట్టి, ఎక్కడా పట్టుమని గంటసేపు నిలవకుండా, ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర పార్కింగ్ స్థలంలో తిని చీకటి పడేలోగా వచ్చేస్తాయి. పులిహోర తీసుకువెళ్ళడం మంచిదే; ఆ సంగతి ముందు ముందు చెబుతాను. అయితే ఇక్కడి పల్లె కారు అద్దంలోంచి కనబడేది కాదు. రాత్రి అక్కడే బస చేసి, పొద్దున్నే పొలాల మధ్య కాలిబాట పట్టి, ఆ ఊరి పబ్‌లో ఆ ఊరివాళ్ళు తినే వేళకు భోజనం చేస్తేనే అది మనకు తెలుస్తుంది.

అలా గడపడానికి మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాల మధ్యనున్న పీక్ డిస్ట్రిక్ట్‌ను నేను సిఫారసు చేస్తాను. 1951 ఏప్రిల్ 17న ఏర్పడిన ఈ ప్రాంతం బ్రిటన్‌లోని మొట్టమొదటి జాతీయ ఉద్యానవనం. మన దగ్గర జాతీయ ఉద్యానవనం అంటే మనుషులు నివసించని అభయారణ్యం గుర్తుకు వస్తుంది కానీ, ఇక్కడ ఊళ్ళు, పొలాలు, గొర్రెల మందలు, బడులు, సంతలు అన్నీ ఉద్యానవనంలోనే ఉంటాయి. కారు లేకపోయినా రైలు దీని నడిబొడ్డుకే తీసుకువెళ్ళడం మరో సౌకర్యం. షెఫీల్డ్, మాంచెస్టర్‌ల మధ్య హోప్ వ్యాలీ మార్గంలో నడిచే ప్యాసింజర్ రైళ్ళు గ్రిండిల్‌ఫర్డ్, హాథర్‌సేజ్, బామ్‌ఫర్డ్, హోప్, ఈడేల్ స్టేషన్లలో ఆగుతాయి. మాంచెస్టర్ నుంచి ఈడేల్‌కు సుమారు ముప్పావు గంట పడుతుంది. షెఫీల్డ్ నుంచి అయితే అంతకంటే తక్కువే.

శుక్రవారం వెళ్ళి సోమవారం తిరిగి వచ్చేలా ప్రణాళిక వేసుకోండి. ఆదివారం మధ్యాహ్నపు రోస్టు (కాల్చిన మాంసం, కూరగాయల) భోజనం, సోమవారం బేక్‌వెల్ సంత, రెండూ అందులో కలిసివస్తాయి. బసకు, కారు లేనివారికి రైల్వే స్టేషనూ బస్సూ రెండూ ఉన్న హాథర్‌సేజ్ అనుకూలం. కారు ఉన్నవారు కాసిల్టన్‌లో ఉంటే కొండల పాదం దగ్గరే ఉన్నట్టవుతుంది. ఒకే ఊళ్ళో మూడు రాత్రులూ ఉండండి, ఊరు మార్చవద్దు.

ఏ కాలంలో వెళ్ళాలి

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. ఆగస్టులో కొండల మీది బీడు నేలలన్నీ హెదర్ పూలతో ఊదారంగు దాలుస్తాయి. డిసెంబరులో నాలుగు గంటలకు ముందే సూర్యుడు అస్తమిస్తాడు కాబట్టి, మొదటిసారి వెళ్ళేవారు చలికాలాన్ని ఎంచుకోకపోవడమే మేలు. ఏ నెలలో వెళ్ళినా వాన పడుతుందనే అనుకోండి. నీరు లోపలికి ఇంకని పైకోటు, చీలమండ దాకా పట్టుకునే బూట్లు మాత్రం తప్పనిసరి. జీన్స్ ప్యాంటు తడిస్తే బరువెక్కి, ఆరకుండా చలి పుట్టిస్తుంది. పెద్దవాళ్ళు చీరలోనే నడుస్తామంటే చదునైన దారుల్లో ఇబ్బంది ఉండదు కానీ, రాళ్ళ గోడల మీదుగా ఎక్కి దిగే చోట చుడీదార్ నయం.

వంటగది గడియారం

తినడానికి సంబంధించి ముందుగా తెలుసుకోవలసింది ఏ హోటల్ బాగుంటుందన్నది కాదు, వంటగది ఎప్పుడు మూస్తారన్నది. చాలా పల్లె పబ్బుల్లో మధ్యాహ్న భోజనం పన్నెండుకు మొదలై రెండు, రెండున్నరకు ముగుస్తుంది. రాత్రి వంట ఐదున్నర, ఆరు గంటలకు మొదలై ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా ఆగిపోతుంది. పబ్ తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల మనుషులు ఉన్నారు, దీపాలు వెలుగుతున్నాయి అంటే తిండి దొరుకుతుందని అర్థం కాదు. మొదటిసారి మా అమ్మానాన్నలను తీసుకువెళ్ళినప్పుడు, మధ్యాహ్నం మూడు గంటలకు కొండ దిగి ఒక పబ్‌లోకి వెళ్తే, వేపిన వేరుశనగపప్పు పొట్లాలూ బంగాళాదుంప చిప్సూ తప్ప ఇంకేమీ లేవన్నారు. చక్కెర వ్యాధి ఉన్న మా నాన్నగారు ఆ రోజు పడిన ఇబ్బంది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. తప్పు ఆ పబ్‌ది కాదు, వేళలు కనుక్కోకుండా వెళ్ళిన నాది. అప్పటి నుంచి, ఎక్కడ తినబోతున్నామో అక్కడికి ముందు రోజే ఫోన్ చేసి, వేళలు అడిగి, టేబుల్ చెప్పి ఉంచుకుంటున్నాను. శనివారం రాత్రికీ ఆదివారం మధ్యాహ్నానికీ వారం ముందే చెప్పుకోవడం మంచిది.

రెండున్నరకూ ఆరింటికీ మధ్య ఆకలి తీర్చేవి టీ దుకాణాలు, కేఫ్‌లు. అవి కూడా నాలుగు, ఐదు గంటలకల్లా మూసేస్తారు. అందుకే కొండ ఎక్కే రోజున పులిహోర, దద్దోజనం, చపాతీలు డబ్బాలో వెంట తీసుకువెళ్ళండి. శిఖరం మీద రాయిపై కూర్చుని గాలిలో తినే పులిహోరకు ఏ పబ్ భోజనమూ సాటిరాదు. ఆ తర్వాత విస్తరాకు అయినా, కాగితం అయినా, నారింజ తొక్క అయినా తిరిగి సంచిలో వేసుకుని రావాలి.

పబ్‌లో పద్ధతి కూడా తెలిసి ఉండాలి. చాలాచోట్ల కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తే ఎవరూ రారు. ఖాళీ టేబుల్ చూసుకుని, దాని మీది నంబరు గుర్తుపెట్టుకుని, కౌంటరు దగ్గరకు వెళ్ళి ఏం కావాలో చెప్పి, చాలావరకు అక్కడే డబ్బు కట్టాలి. కౌంటరు దగ్గర వరుస కనిపించకపోయినా వరుస ఉంటుంది; తమకంటే ముందు ఎవరు వచ్చారో అందరికీ తెలుసు, కాబట్టి మీ వంతు వచ్చేదాకా ఆగండి. కౌంటరు దగ్గర టిప్పు ఇవ్వనక్కరలేదు. పిల్లలను పెద్దవాళ్ళతో కలిసి భోజనానికి చాలా పబ్బులు రానిస్తాయి, అయినా రాత్రి వేళకు వెళ్తుంటే ఒక మాట అడగండి. మద్యం తాగనివారు పబ్‌కు వెళ్ళకూడదేమో అన్న సంకోచం అక్కరలేదు. ఇక్కడి పల్లెలో పబ్ అంటే ఊరి రచ్చబండ లాంటిది. కాఫీ ఒక్కటి తీసుకుని పొయ్యి పక్కన గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారులు, గొడ్డుమాంసం తిననివారు గమనించవలసినవి

ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. భోజన పట్టికలో పదార్థం పక్కన ‘వి’ అన్న గుర్తు ఉంటే మాంసం, చేప లేవని అర్థం. గుడ్డు లేదని కాదు. గుడ్డు కూడా తిననివారు ‘వీగన్’ గుర్తు ఉన్నదే అడగాలి. ఆదివారపు రోస్టుతో వచ్చే, పొంగిన గిన్నెలా ఉండే యార్క్‌షైర్ పుడ్డింగు గోధుమపిండి, పాలు, గుడ్లతో చేసేది. సంప్రదాయంగా దాన్ని గొడ్డుకొవ్వులో కాలుస్తారు. అలాగే కొన్ని చోట్ల చిప్స్‌నూ (ఇక్కడ ఆ మాటకు పొట్లాల్లోవి కాదు, వేడిగా వేయించిన లావు బంగాళాదుంప ముక్కలని అర్థం), రోస్టు బంగాళాదుంపలనూ కూడా గొడ్డుకొవ్వులో వేయిస్తారు. దాన్ని ఇక్కడ డ్రిప్పింగ్ అంటారు. ఆ మాట గుర్తుపెట్టుకుని, “వీటిని దేనిలో వేయించారు?” అని అడగండి. కూరగాయల పళ్ళెం మీద పోసే గోధుమరంగు గ్రేవీ చాలావరకు మాంసపు రసమే. శాకాహార గ్రేవీ వేరుగా ఉందేమో కనుక్కోవాలి. ఇలా అడగడం ఇక్కడ అమర్యాద కాదు. వంటలో ఏముందో వాళ్ళు ఓపికగా చెబుతారు.

పేర్లలోనూ జాగ్రత్త అవసరం. కాటేజ్ పై అంటే గొడ్డుమాంసం ఖైమా, షెపర్డ్స్ పై అంటే గొర్రె ఖైమా; రెండింటి పైనా మెదిపిన బంగాళాదుంప ఒకేలా కనిపిస్తుంది. స్టేక్ అండ్ ఏల్ పై గొడ్డుమాంసమే. మాంసాహారులై గొడ్డుమాంసం తిననివారికి రోస్టు గొర్రె, రోస్టు కోడి సరిపోతాయి; వాటితో వచ్చే పుడ్డింగు, బంగాళాదుంపలు, గ్రేవీ సంగతి మాత్రం పైన చెప్పినట్టే అడగండి. ఈ కొండల మీద ఎటు చూసినా గొర్రెలే కాబట్టి, గొర్రె మాంసం ఇక్కడ బాగుంటుంది కూడా. శాకాహారులకు కాల్చిన బంగాళాదుంప మీద బీన్సు, చీజ్ వేసి ఇచ్చే జాకెట్ పొటాటో దాదాపు అన్నిచోట్లా దొరుకుతుంది. గింజలు, కూరగాయలతో చేసే నట్ రోస్టు ఆదివారాల్లో చాలా పబ్బుల్లో ఉంటుంది.

ఉప్పూ కారం తగలక నాలుక చప్పబడిందని పెద్దవాళ్ళు అంటే, టేబుల్ మీద నారింజరంగు చీటీ ఉన్న సీసా కోసం చూడండి. అది షెఫీల్డ్‌లో తయారయ్యే హెండర్సన్స్ రెలిష్. చూడడానికి వూస్టర్ సాస్‌లా నల్లగా, పల్చగా ఉంటుంది కానీ, వూస్టర్ సాస్‌లో ఉండే చేప దీనిలో లేదు. ఇది పూర్తిగా శాకాహారం. లవంగం, వెల్లుల్లి, మిరప వాసనలతో పాటు దీనిలో చింతపండు కూడా ఉంటుంది. మా అమ్మ మొదటిసారి నాలుగు చుక్కలు చిప్స్ మీద వేసుకుని, “ఇది మన చారు వాసనే కదరా” అంది. తిరిగి వెళ్ళేటప్పుడు రెండు సీసాలు పెట్టెలో సర్దుకుంది.

ఈ ప్రాంతపు రుచులు

డెర్బీషైర్ ఓట్‌కేక్ పేరు విని బిస్కెట్టు అనుకోకండి. బిస్కెట్టులా ఉండేది స్కాట్లాండ్‌ది. ఇక్కడిది ఓట్స్ పిండిని ఈస్టుతో పులియబెట్టి పెనం మీద పోసే అట్టు. అంచులు మెత్తగా, ఒకవైపు చిన్న చిన్న రంధ్రాలతో, మన ఊతప్పానికి దూరపు చుట్టంలా ఉంటుంది. చీజ్, పుట్టగొడుగులు పెట్టి మడిచి ఇమ్మనండి. ఉదయపు ఫలహారానికి దీన్ని మించినది ఈ కొండల్లో లేదని నా అభిప్రాయం.

బేక్‌వెల్ పుడ్డింగును ఆ ఊళ్ళోనే తినాలి. ఇతరచోట్ల బేక్‌వెల్ టార్ట్ పేరుతో దొరికేది గట్టి పిండి గిన్నెలో బాదం కేకు ఉన్న వేరే వంటకం. అసలు పుడ్డింగుకు పొరలు పొరలుగా విడిపోయే పిండి అడుగు ఉంటుంది, దాని మీద సన్నగా జామ్, ఆపైన గుడ్డు, వెన్న, చక్కెర, బాదం కలిపిన మిశ్రమం. పైభాగం గోధుమరంగులో మచ్చలు మచ్చలుగా కాలి, వంకరటింకరగా ఉంటుంది. చెంచాతో నొక్కితే పై పొర చిట్లి, లోపలి మిశ్రమం కోవాకూ జున్నుకూ మధ్యస్థంగా వణుకుతుంది. ఒక సత్రపు వంటమనిషి పొరపాటు వల్ల ఇది పుట్టిందని ఊళ్ళో కథగా చెబుతారు, అసలు వంటవిధానం తమ దగ్గరే ఉందని ఒకటికి మించిన దుకాణాలు చెబుతాయి. ఆ తగవులోకి దిగకుండా, చిన్నది ఒకటి వేడిగా, పక్కన కస్టర్డుతో తీసుకోండి. బాదం పడనివారు మాత్రం దీన్ని ముట్టకూడదు.

చీజ్ ఇష్టమైనవారు స్టిల్టన్ రుచి చూడాలి. నీలి చారలుండే ఈ చీజ్‌ను ఆ పేరుతో డెర్బీషైర్, లెస్టర్‌షైర్, నాటింగ్‌హామ్‌షైర్ జిల్లాల్లోనే చేయాలని చట్టం.

తాగడానికి ఏమిటంటే, టీ దుకాణంలో “పాట్ ఆఫ్ టీ” అడిగితే కెటిల్‌లో డికాక్షను, పక్కన పాలు విడిగా వస్తాయి. మన ఇంటి టీ లాగా పాలతో మరగదు కాబట్టి, నాలుగైదు నిమిషాలు నానబెట్టాకే పోసుకోండి. దానితో పాటు స్కోన్ అనే చిన్న రొట్టె, జామ్, గడ్డకట్టిన మీగడ తీసుకుంటే అది క్రీమ్ టీ. మధ్యాహ్న భోజనం తప్పిపోయిన రోజున ప్రాణం నిలబెడుతుంది. బీరు తాగేవారు చేతి పంపుతో పోసే కాస్క్ ఏల్ అడగాలి. అది నేలమాళిగ చల్లదనంలోనే, అంటే సుమారు 12 డిగ్రీల వద్ద ఉంటుంది. మంచులా చల్లగా లేదని దాన్ని పాడైన బీరు అనుకోవద్దు, ఆ వేడిలోనే దాని రుచి తెలుస్తుంది. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు. రుచి చూడడానికి సగం పింట్ చాలు. బేక్‌వెల్‌లోని థార్న్‌బ్రిడ్జ్ బ్రూవరీ 2005 నుంచి తయారుచేస్తున్న ఒక ఏల్ పేరు జైపూర్. అది ఇండియా పేల్ ఏల్ జాతికి చెందినది. సముద్రం మీద నెలల తరబడి భారతదేశానికి పంపే రోజుల్లో చేదునిచ్చే హాప్స్ పూలు ఎక్కువ వేసి చేసిన బీర్ల నుంచి ఆ పేరు వచ్చింది. దాని బలం 5.9 శాతం కాబట్టి రెండో గ్లాసుకు ముందు ఆలోచించాలి. కారు నడిపేవారు అసలే ముట్టకూడదు. ఇక్కడి సన్నని కొండ మలుపులు నీళ్ళు తాగి నడిపినా కష్టమే. వారికి ఎల్డర్‌ఫ్లవర్ షర్బతు ఉంది.

శుక్రవారం, శనివారం: నడక

షెఫీల్డ్ వైపు నుంచి వచ్చేవారు శుక్రవారం నేరుగా హాథర్‌సేజ్‌కు వెళ్ళకుండా గ్రిండిల్‌ఫర్డ్‌లో దిగమని నా సలహా. నగరం వదిలాక రైలు 1893లో తెరిచిన టోట్లీ సొరంగంలో ప్రవేశించి, సుమారు ఐదున్నర కిలోమీటర్లకు పైగా చీకట్లో వెళ్ళి, బయటపడగానే అడవి మధ్య ఆగుతుంది. స్టేషను పక్కనే ఉన్న కేఫ్‌లో పెద్ద మగ్గుతో టీ, చిప్స్ బట్టీ (చిప్స్ పెట్టిన బ్రెడ్డు) తీసుకుని, పాడ్లీ గార్జ్‌లోకి నడవండి. నాచు పట్టిన బండల మీదుగా దూకే వాగు, వంకరలు తిరిగిన సింధూర వృక్షాలు, పై చివర లాంగ్‌షా పచ్చిక బయలు. సామాను బరువుగా ఉంటే ముందు బసలో దించి, మరుసటి రైలులో తిరిగి రండి.

శనివారం ఈడేల్‌లో దిగి, కొండ దాటి కాసిల్టన్ చేరే నడక ఈ సెలవు మొత్తానికీ ప్రాణం. నిదానంగా నడిచినా, ఆగుతూ వెళ్ళినా, నాలుగు గంటలు చాలు. ఈడేల్ చిన్న ఊరు. 1965లో ప్రారంభమైన, 268 మైళ్ళ పొడవున స్కాట్లాండ్ సరిహద్దు దాకా సాగే పెన్నైన్ వే అన్న కాలిబాట ఇక్కడి ఓల్డ్ నాగ్స్ హెడ్ పబ్ దగ్గరే మొదలవుతుంది. ఊరి వెనక కనిపించే నల్లటి పీఠభూమి కిండర్ స్కౌట్, ఎత్తు 636 మీటర్లు. 1932 ఏప్రిల్ 24న, జమీందార్ల వేటకోసం సామాన్యులకు మూసివేసిన ఆ కొండ మీదికి మాంచెస్టర్, షెఫీల్డ్ కార్మికులు వందల సంఖ్యలో నడిచి వెళ్ళారు. వారి నాయకుల్లో ఒకడైన బెన్నీ రోత్‌మన్ సహా ఐదుగురు జైలుపాలయ్యారు. ఇవాళ మనం ఆ బీళ్ళ మీద ఎవరి అనుమతీ లేకుండా నడవగలగడం వెనక ఆ రోజు ఉంది. మొదటిసారి వెళ్ళేవారు కిండర్ ఎక్కనక్కరలేదు. పైన పొగమంచు కమ్మితే దారి తప్పుతారు. ఎదురుగా ఉన్న గట్టు సులువు.

ఊరి నుంచి గొర్రెల మేతల మధ్యగా ఎక్కే దారి హోలిన్స్ క్రాస్ అనే కనుమ దగ్గర గట్టు మీదికి చేరుతుంది. ఈడేల్‌కు సొంత చర్చి లేని కాలంలో ఆ ఊరివాళ్ళు తమ మృతులను ఈ కనుమ మీదుగానే కాసిల్టన్‌కు మోసుకువెళ్ళేవారు. అక్కడి నుంచి కుడివైపు, రాతి పలకలు పరిచిన బాట మీద, 517 మీటర్ల మామ్ టోర్ శిఖరం. రెండు లోయలూ ఒకేసారి కనబడే ఆ చోటనే పులిహోర డబ్బా తెరవండి. అయితే గాలికి మూత ఎగిరిపోకుండా పట్టుకోవాలి.

మామ్ టోర్‌ను వణికే కొండ అంటారు, తూర్పు ముఖం వేల ఏళ్ళుగా జారుతూనే ఉంది కనుక. దాని కిందుగా వేసిన రహదారిని ఎన్నిసార్లు బాగుచేసినా నిలవక, 1979లో శాశ్వతంగా మూసేశారు. దిగేటప్పుడు ఆ పాత రోడ్డు మీదుగా రండి. ఒకచోట రోడ్డు నిలువునా తెగి మనిషి ఎత్తున కిందికి కుంగిపోయింది. తెగిన అంచు దగ్గర వంగి చూస్తే, ఒక్కో మరమ్మతుకు పోసిన తారు పొర ఒకదాని మీద ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది, వేలితో లెక్కపెట్టవచ్చు. మధ్యలో తెల్లటి గీత అలాగే ఉండి, గాలిలోకి వెళ్ళి ఆగిపోతుంది.

కాసిల్టన్‌లో నాలుగు గుహలు చూపిస్తారు, ఒకటి చాలు. పెద్దవాళ్ళతో అయితే పీక్ కావర్న్‌కు వెళ్ళండి. దాని విశాలమైన ముఖద్వారం లోపలే శతాబ్దాల పాటు తాళ్ళు పేనే కుటుంబాలు ఇళ్ళు కట్టుకుని నివసించాయి. బ్లూ జాన్ అనే ఊదా పసుపు చారల రాయి ఈ ఊరి కొండలోనే దొరుకుతుంది. దానితో చేసిన నగలు దుకాణాల్లో ఉంటాయి. తిరిగి హాథర్‌సేజ్‌కు 272 నంబరు బస్సు వెళ్తుంది. చివరి బస్సు వేళ పొద్దున్నే చూసి పెట్టుకోండి.

పొలాల మధ్య నడిచేటప్పుడు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. పసుపు బాణం నడిచేవారి దారి, నీలి బాణం గుర్రాలూ సైకిళ్ళూ కూడా వెళ్ళే దారి. ఆ దారి రైతు పొలంలోంచి వెళ్ళినా నడిచే హక్కు మనకు చట్టం ఇచ్చింది, దారి తప్పి పంటలోకి దిగే హక్కు మాత్రం లేదు. గేటు మూసి ఉంటే దాటాక మూయాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి. నీళ్ళ కోసం పశువులు వెళ్ళేందుకు రైతే దాన్ని తెరిచి ఉంచి ఉండవచ్చు. దూడలతో ఉన్న ఆవుల మధ్య నుంచి వెళ్ళకండి. మన ఊరి ఆవుల్లా అవి మనుషులకు మచ్చికైనవి కావు, చుట్టూ తిరిగి వెళ్ళడమే క్షేమం. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది కాబట్టి, ఆర్డినెన్స్ సర్వే వారి ఓఎల్ 1, ఓఎల్ 24 కాగితపు పటాలు వెంట ఉండాలి. ప్రమాదం జరిగితే 999కు ఫోన్ చేసి ముందు పోలీసును, ఆపైన మౌంటెన్ రెస్క్యూను అడగాలి.

ఆదివారం: ఈమ్

ఆదివారం బస్సులు తక్కువ. టాక్సీ మాట్లాడుకుని ఈమ్ అనే ఊరికి వెళ్ళండి. 1665లో లండన్ నుంచి ఒక దర్జీకి వచ్చిన బట్టల మూటతో పాటు ప్లేగు ఈ ఊళ్ళో అడుగుపెట్టింది. మరుసటి సంవత్సరం చర్చి అధికారి విలియం మాంపెసన్, అంతకుముందు ఆ పదవిలో ఉన్న థామస్ స్టాన్లీ ఇద్దరూ కలిసి, వ్యాధి చుట్టుపక్కల ఊళ్ళకు పాకకుండా ఎవరూ ఊరి పొలిమేర దాటవద్దని ప్రజలను ఒప్పించారు. పద్నాలుగు నెలల్లో 260 మంది చనిపోయారు. ఎలిజబెత్ హాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతో పూడ్చిపెట్టింది. ఆ సమాధులు ఊరికి కాస్త దూరంగా, పొలంలో, చిన్న గుండ్రటి గోడ లోపల ఉన్నాయి.

ఊరి నుంచి స్టోనీ మిడిల్టన్ వైపు నడిస్తే పొలిమేర రాయి వస్తుంది. దాని మీద ఆరు గుంటలు ఉన్నాయి. ఊరివాళ్ళు వాటిలో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి వెళ్తే, అవతలి ఊరివాళ్ళు వచ్చి తిండిగింజలు పెట్టి ఆ నాణేలు తీసుకునేవారు. గుంటలో వేలు పెట్టి చూడండి; అంచులు నునుపు తేలి, వేలు ఇట్టే జారుతుంది. 2020లో తలుపులు మూసుకుని ఇళ్ళల్లో ఉండిపోయిన మనకు ఈ రాయి దగ్గర ఎవరూ ఏమీ వివరించనక్కరలేదు.

మే నుంచి సెప్టెంబరు మధ్య వెళ్ళేవారు, ఆ వారం ఏ ఊళ్ళో బావి అలంకరణ జరుగుతోందో అడిగి తెలుసుకుని తప్పక వెళ్ళండి. పెద్ద చెక్క పలకల మీద తడి బంకమన్ను మెత్తి, పూరేకులు, ఆకులు, గింజలు, నాచు ఒక్కొక్కటే అద్ది బొమ్మలు తీర్చి, ఊరి బావుల దగ్గర, ఊటల దగ్గర నిలబెడతారు. నీటికి కృతజ్ఞత చెప్పే ఆచారం ఇది. తంగేడు, గునుగు పూలను వరుసలు పేర్చి చెరువుకు సాగనంపే తెలంగాణ ఆడపడుచులు ఈ పలకల ముందు నిలబడితే, ఆ చేతిపని విలువ ఇక్కడివాళ్ళ కంటే బాగా గుర్తిస్తారు.

సోమవారం: బేక్‌వెల్ నుంచి బక్స్‌టన్‌కు

సోమవారం పొద్దున్నే సామానుతో బేక్‌వెల్ చేరుకోండి. సంతలో చీజ్, ఓట్‌కేకులు, చవక బట్టలు, మొక్కలు అన్నీ ఉంటాయి. తర్వాత వై నది మీది అయిదు కమానుల పాత వంతెన దగ్గర కాసేపు నిలబడితే, నీటిలో మోచేయి పొడవు చేపలు ప్రవాహానికి ఎదురుగా నిలిచి కనిపిస్తాయి.

పెద్దవాళ్ళకూ, చిన్న పిల్లలకూ, చక్రాల కుర్చీలో వెళ్ళేవారికీ మోన్సాల్ ట్రెయిల్ అనువైనది. 1968లో మూసేసిన రైలు దారినే నడకబాటగా మార్చారు, పొడవు 8.5 మైళ్ళు, ఎక్కడా ఎత్తు లేదు. ఒక్కొక్కటి దాదాపు 400 మీటర్లుండే నాలుగు సొరంగాల్లో పగటిపూట దీపాలు వెలుగుతాయి. మొత్తం నడవక్కరలేదు; హాసోప్ స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకు తీసుకుని హెడ్‌స్టోన్ వంతెన దాకా వెళ్ళి రండి. ఛాట్స్‌వర్త్ భవనం కూడా ఇక్కడికి దగ్గరే. అది చూడాలంటే మరొక పూర్తి రోజు కావాలి. పచ్చిక బయళ్ళు, నది ఒడ్డు మాత్రం చాలనుకుంటే పార్కులో ఉచితంగా నడవవచ్చు.

మరొక రోజు ఉంటే, నేను ఛాట్స్‌వర్త్ కంటే క్రామ్‌ఫర్డ్‌కు వెళ్ళమంటాను. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో నీటి బలంతో నూలు వడికే మిల్లును స్థాపించిన చోటు అది. మచిలీపట్నం అద్దకపు బట్టల వంటి భారతీయ వస్త్రాలు ఇంగ్లండ్‌లో ఎంతగా చెల్లాయంటే, 1721లో పార్లమెంటు అద్దకపు నూలు బట్టలు కట్టడాన్నే నిషేధించింది. ఆర్క్‌రైట్ పట్టుబట్టడంతో, ఇక్కడ వడికిన నూలుతో నేసే బట్టల కోసం 1774లో ఆ నిషేధాన్ని సడలించారు. ఆ మిల్లు గోడలు కోటగోడల్లా, వీధి వైపు కింది అంతస్తులో కిటికీలు లేకుండా ఉంటాయి. మన నేతగాళ్ళ మగ్గాలు ఎందుకు ఆగిపోయాయో బడిలో చదివినవాళ్ళకు ఆ గోడ పక్కన నడవడం మామూలు విహారంలా ఉండదు.

సోమవారం సాయంత్రం బేక్‌వెల్ నుంచి బస్సులో బక్స్‌టన్ చేరితే, అక్కడి నుంచి మాంచెస్టర్‌కు రైలు ఉంది. స్టేషనుకు వెళ్ళేముందు క్రెసెంట్ భవనం ఎదుట సెయింట్ ఆన్స్ వెల్ దగ్గర ఆగండి. భూమిలోంచి సుమారు 27 డిగ్రీల వెచ్చదనంతో ఊరే నీరు అక్కడి పంపులోంచి పగలూ రాత్రీ ఉచితంగా పారుతుంది. ఊరివాళ్ళు డబ్బాలతో వచ్చి పట్టుకుంటూ ఉంటారు. మీరూ వరుసలో నిలబడి, ఖాళీ సీసాలు నింపుకుని, గోరువెచ్చని నీళ్ళు ఒక గుక్క అక్కడే తాగి రైలెక్కండి.